షుగరు మాత్రలు వేసుకుంటే మగతనం పోతుందా?

ఒక ఇంటి సంగతితో మొదలుపెడతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మా ఓపీలో ఏళ్ల తరబడి చూసిన పలువురి సంగతులను కలిపి ఒకరిదిగా చెబుతున్నాను. కాబట్టి ఆ మనిషి ఎవరా అని ఎవరూ వెదకనక్కరలేదు.

బొబ్బిలి దగ్గరి పల్లెటూరి రైతు. వయసు 46. కాలి బొటనవేలి కింద పుండుతో వచ్చారు. రక్తంలో చక్కెర చూస్తే 412. మూడేళ్ల క్రితమే షుగరు ఉందని తెలిసింది, మాత్రలు రాసిచ్చాం, ప్రతి నెలా తీసుకెళ్తూనే ఉన్నారు. "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగితే "వేసుకుంటన్నానండి" అన్నారు. పక్కన నిలబడ్డ ఆయన భార్య ఏమీ మాట్లాడలేదు. కట్టు కట్టించడానికి ఆయన్ని లోపలికి తీసుకువెళ్లాక ఆమె నర్సు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "సిస్టరమ్మా, ఏసుకుంటన్నాననే సెప్తాడు. మొన్న బియ్యం బస్తా జరిపితే ఎనకాల ఎనిమిది పేకెట్లు అలగే ఉండిపోనాయి. ఏటని అడిగితే, ఇవి మింగితే ఇంక మొగోడిగా పనికిరానంట, ఎవరో సెప్పినారంట."

ఎనిమిది పేకెట్లు దొరకడానికి ముందు ఆమె ఇంకో సంగతి అనుకుంటూ ఉండేది. భర్తకు తన మీద ఇష్టం పోయిందని. మరొకరెవరైనా ఉన్నారేమోనని కూడా. ఆయనేమో సిగ్గుతో వేరే మంచం వేసుకుని అరుగు మీద పడుకుంటున్నారు. మూడేళ్లు ఆ ఇంట్లో ఇద్దరూ ఈ మాట మాట్లాడుకోలేదు.

ఈ అపోహ చాలా ఇళ్లలో ఉంది. మగవాళ్లు దీన్ని డాక్టరుకు చెప్పరు. డాక్టర్లం మేమూ అడగం. క్యూలో ఇంకా యాభై మంది ఉంటారు, పక్కన కోడలో కూతురో నిలబడి ఉంటుంది, అడగడానికి మాకే నోరు రాదు. అది మా తప్పే. అందుకే ఈ నాలుగు పేజీలు రోగి కోసం కాక, రోగి ఇంట్లోవాళ్ల కోసం రాస్తున్నాను.

తేదీలు కలిసి రావడం వల్ల వచ్చిన చిక్కు

ముందుగా ప్రశ్నకు సూటిగా జవాబు. షుగరుకు మామూలుగా వాడే మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ మగతనాన్ని పోగొట్టవు. పోగొట్టేది అదుపులో లేని షుగరు.

మరి "మాత్రలు మొదలెట్టిన కాడ్నించే నాకు ఇలా అయింది" అని అంతమంది ఎందుకు అంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు అలాగే కనిపిస్తుంది. పెద్దవాళ్లలో వచ్చే షుగరు, అంటే టైపు-2 మధుమేహం, చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఒంట్లో చక్కెర పెరగడం మొదలైన ఎన్నో ఏళ్లకు గానీ ఎవరో ఒకరు రక్తపరీక్ష రాయరు. ఇంగ్లండులో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, షుగరు ఉందని మొదటిసారి తెలిసిన రోజుకే దాదాపు సగం మందిలో కళ్లో, నరాలో, రక్తనాళాలో ఎంతోకొంత దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. అంటే పరీక్ష చేసే నాటికే లోపల నష్టం జరుగుతూ ఉంది. అంగస్తంభన బలహీనపడటం కూడా అప్పటికే మొదలై ఉంటుంది. మనిషి దాన్ని అలసటనో, వయసనో, పొలం పనుల ఒత్తిడనో అనుకుంటూ ఉంటాడు. ఒకరోజు చీటీ మీద మాత్ర పేరు రాస్తారు. ఆ రోజు నుంచి నింద మాత్ర మీద పడుతుంది.

ఇల్లు కాలుతుంటే ఫైరింజను వచ్చింది, ఫైరింజను వచ్చిన చోటల్లా ఇల్లు కాలుతుంది కాబట్టి తప్పు ఫైరింజనుదే అన్నట్టు ఉంటుంది ఈ వాదన.

ఇదేమీ ఇప్పుడు కనిపెట్టిన సంగతి కాదు. మెట్‌ఫార్మిన్ మందుల షాపుల్లోకి రావడానికి వందల ఏళ్ల ముందే, సుమారు వెయ్యేళ్ల క్రితం పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా మధుమేహం ఉన్నవారిలో లైంగిక శక్తి సన్నగిల్లుతుందని రాసిపెట్టాడు. ఆ కాలంలో వేసుకోవడానికి ఈ మాత్రలు ఎక్కడివి?

మన దేశంలో ఎంతమందికి ఈ బెడద ఉందో ఊహించండి. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. షుగరు ఉన్న మగవారిలో సగానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అంగస్తంభన ఇబ్బంది పడతారు. అదీ మిగతావారికంటే పది పదిహేనేళ్ల ముందుగా. కాబట్టి మీ ఇంట్లో ఈ సమస్య ఉంటే అది మీ ఒక్క ఇంటి సమస్య కాదు.

లోపల ఏం జరుగుతుంది?

అంగస్తంభన అనేది రక్తప్రసారానికి సంబంధించిన పని. మనసులో కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము ద్వారా నరాలకు కబురు వెళ్తుంది. నరాల కొసల్లోనూ రక్తనాళాల లోపలి పొరలోనూ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. ఆ వాయువు రక్తనాళాల కండరాన్ని వదులు చేస్తుంది. వదులైన నాళాల్లోకి రక్తం నిండి, వెనక్కి పోకుండా కొంతసేపు నిలుస్తుంది. ఒంట్లో ఈ వాయువు చేసే పని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

చక్కెర ఎక్కువై ఏళ్లు గడిస్తే ఈ దారిలో ప్రతి మెట్టూ పాడవుతుంది. కబురు మోసే నరం మొద్దుబారుతుంది. అరికాళ్లు తిమ్మిరెక్కి, చెప్పు జారిపోయినా తెలియకపోవడం అని మన రోగులు చెప్పే లక్షణం ఉంది చూశారా, అదే జబ్బు అక్కడి నరాలకూ వస్తుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని నైట్రిక్ ఆక్సైడ్ తయారీ తగ్గుతుంది. నాళాలు పూడుకుంటాయి. పొట్ట పెరిగిన షుగరు రోగుల్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను కూడా కొందరిలో తగ్గుతుంది. అప్పుడు అంగస్తంభనే కాదు, కోరికే ఉండదు. వీటన్నిటి పైన మనసు. ఒకసారి విఫలమైతే రెండోసారి భయం, ఆ భయంతోనే మళ్లీ వైఫల్యం. చుట్ట, బీడీ తాగేవారిలో నాళాల జబ్బు మరింత తొందరగా ముదురుతుంది. మన వైపు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ నోటికి చేసే కీడు అందరికీ తెలుసు. నిప్పు లోపలున్నా బయటున్నా రక్తనాళాలకు మాత్రం తేడా లేదు.

చక్కెర బాగా పెరిగినప్పుడు రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, నీరసం, ఒళ్లునొప్పులు ఉంటాయి. అలాంటి మనిషికి కోరిక ఎక్కడ పుడుతుంది? మందులు సరిగ్గా వేసుకుని చక్కెర దిగితే ఈ నీరసం వల్ల వచ్చిన బలహీనత కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. నరాలు, నాళాలు దెబ్బతిన్నందువల్ల వచ్చినది అంత తొందరగా, అంత పూర్తిగా తగ్గదు. ఎంత తొందరగా చక్కెరను అదుపులోకి తెస్తే అంత మిగులుతుంది. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చాలామందిలో 7 దగ్గర ఉండేలా చూసుకోవాలి. మీవారికి ఎంత ఉండాలో మీ డాక్టరు చెబుతారు.

ఏ మాత్ర సంగతి ఏమిటి?

మెట్‌ఫార్మిన్ గురించి ఎక్కువమంది అడుగుతారు. 1957 నుంచి మనుషులకు వాడుతున్న పాత మందు. కడుపు ఉబ్బరం, విరేచనాలు చేయవచ్చు. భోజనంతో పాటు వేసుకుంటే తగ్గుతాయి. మగతనానికి దీనివల్ల హాని లేదు. అయితే ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. అది తగ్గితే కాళ్లు మంటలు, తిమ్మిర్లు, నీరసం వస్తాయి. షుగరు వల్ల పాడయిన నరాలకు ఇది అదనపు దెబ్బ. చేపలు, గుడ్లు, పాలు ముట్టనివారు మరీ జాగ్రత్త. రక్తపరీక్షతో తెలుస్తుంది, బి12 మాత్రతోనో సూదితోనో సరిపోతుంది. దానికోసం మెట్‌ఫార్మిన్ మానేయనక్కరలేదు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనేవి మరో రకం. ఇవీ మగతనాన్ని తగ్గించవు గానీ చక్కెరను మరీ కిందకు దించగలవు. రాత్రి మాత్ర వేసుకుని, అన్నం సగం తిని లేచి, తరువాత శ్రమ చేస్తే చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం వస్తాయి. దాంపత్యం కూడా ఒంటికి శ్రమే. ఆ సమయంలో ఇలా జరిగితే మగవాడు "నాకు శక్తి పోయింది" అనుకుంటాడు, భార్య భయపడిపోతుంది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. గ్రోత్ సెంటరు ఫ్యాక్టరీల్లో నైటు షిఫ్టు చేసేవారు మాత్ర, భోజనం వేళలు ఎలా మార్చుకోవాలో డాక్టరును అడిగి తీరాలి.

ఇప్పుడు చెప్పేది కొంచెం నిదానంగా చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు కొన్నేళ్లుగా బాగా వాడుకలోకి వచ్చాయి. గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేసే మంచి మందులు. ఇవి ఒంట్లోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. తీపి ఉన్నచోట చీమలు చేరినట్టు, మూత్రంలో చక్కెర ఉన్నచోట బూజు చేరుతుంది. అంగం ముందరి చర్మం కింద ఎర్రబడటం, దురద, తెల్లటి పొర, చర్మం చిట్లడం, కలయికలో మంట వస్తాయి. ఈ మాత్రలు వాడకపోయినా షుగరు అదుపులో లేనివారిలో ఇదే ఇన్ఫెక్షను వస్తుంది. ముందరి చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడమే షుగరు ఉందని తెలిపే మొదటి గుర్తు అయిన వాళ్లను మేం చాలామందిని చూశాం.

ఇక్కడే కాపురాల్లో చిచ్చు పుడుతుంది. భర్తకు అక్కడ పుండు కనిపిస్తే భార్యకు అనుమానం. భార్యకు తెల్లబట్ట, దురద మొదలైతే భర్తకు అనుమానం. ఇది చెడు తిరుగుళ్ల వల్ల వచ్చే జబ్బు కాదు. చక్కెర వల్ల వచ్చే బూజు. ఇద్దరిలో ఎవరికి ఉన్నా ఇద్దరూ చూపించుకుంటే పూతమందుతో, మాత్రతో తగ్గిపోతుంది. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మామూలు నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. డెట్టాల్ పోయకండి, మంట రెట్టింపవుతుంది. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: మర్మాంగాల దగ్గర గానీ మలద్వారం దగ్గర గానీ వాపు, భరించలేని నొప్పి, దానితో జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి రావాలి. అక్కడి కండ కుళ్లిపోయే అరుదైన ఇన్ఫెక్షను గురించి 2018లో అమెరికా మందుల శాఖ హెచ్చరిక కూడా చేసింది. అరుదే గానీ, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. వాంతులు, విరేచనాలు పట్టినప్పుడూ, ఉపవాసం ఉన్నప్పుడూ, ఆపరేషనుకు ముందూ ఈ మాత్ర ఆపాలా అని డాక్టరును అడగండి.

ఇన్సులిన్ సంగతి. "సూది మొదలెట్టారంటే ఇంక అంతే" అనే మాట ఊళ్లలో వినిపిస్తుంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో ఒక 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు చిన్న వయసులో షుగరు వస్తే చావే. ఆ తరువాత ఈ నూరేళ్లలో సూదులు వేసుకుంటూ పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్న మగవాళ్లు లోకం నిండా ఉన్నారు. కొడుకు ఇన్సులిన్ మీద ఉన్నాడని పెళ్లిచూపుల్లో దాచిపెట్టే తల్లిదండ్రులకు నేను చెప్పేది, దాచడం వల్ల ఆ కుర్రాడు కొత్త కాపురంలో అత్తవారింట సూది వేసుకోలేక చక్కెర పెరిగి ప్రమాదంలో పడతాడు. ఇదీ మేం చూసినదే.

షుగరుతో పాటు వాడే బీపీ మాత్రల్లో కొన్ని మాత్రం నిజంగా అంగస్తంభనను తగ్గించగలవు. అటెనొలాల్ వంటి పాత బీటా బ్లాకర్లు, నీరు తీసే థయజైడ్ మాత్రలు ఈ కోవలోవి. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు కూడా. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి వాటితో ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు. కాబట్టి "నా మందుల వల్లేమో" అన్న రోగి అనుమానం ప్రతిసారీ వట్టిదే అని నేను అనడం లేదు. డాక్టరు ముందు ఆ మాట అంటే మందు మార్చే వీలుంది. కానీ సొంతంగా ఆపకండి. అటెనొలాల్ ఒక్కసారిగా మానేస్తే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

కోడలి మీద నింద వేయకముందు

షుగరు ఉన్న కొందరు మగవారిలో కలయిక మామూలుగానే జరుగుతుంది, తృప్తి ఉంటుంది, కానీ వీర్యం బయటకు రాదు. లేదా చాలా కొద్దిగా వస్తుంది. మూత్రాశయం ద్వారాన్ని మూసే నరం మొద్దుబారి వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. తరువాత మూత్రం కాస్త మబ్బుగా కనిపిస్తుంది. ప్రోస్టేటుకు ఇచ్చే టామ్సులోసిన్ మాత్ర వల్ల కూడా ఇలా జరగవచ్చు. అది మాత్ర మారిస్తే పోతుంది. దీనివల్ల ఒంటికి నష్టమేమీ లేదు గానీ పిల్లలు పుట్టరు. మన ఇళ్లలో పిల్లలు పుట్టకపోతే మొదటి పరీక్షలు ఎవరికి చేయిస్తారో మీకు తెలుసు. కోడలిని విజయనగరం, విశాఖపట్నం తిప్పి, స్కానింగుల మీద వేలు ఖర్చుపెట్టి, చివరికి కొడుకు మూత్రం ఒక్కసారి పరీక్ష చేస్తే వీర్యకణాలు అందులో దొరుకుతాయి. ఆ కణాలను వేరుచేసి గర్భం వచ్చేలా చేసే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. ముందు కొడుకుకు పరీక్ష చేయించండి. అది చవక, నొప్పి లేనిది.

గోడల మీది ప్రకటనలు

రైలు స్టేషన్ల దగ్గరి గోడల మీద, బస్సు సీట్ల వెనక, ఇప్పుడైతే సెల్‌ఫోనులో కూడా "మగవారి రహస్య సమస్యలకు గ్యారంటీ" అంటూ ప్రకటనలు చూస్తాం. పక్కనే "షుగరుకు శాశ్వత పరిష్కారం" అని ఇంకోటి. ఈ రెండు రకాల ప్రకటనలనూ మన దేశంలో 1954లో చేసిన ఒక చట్టమే నిషేధించింది. షుగరు నయం చేస్తామనీ, లైంగిక శక్తి పెంచుతామనీ ప్రచారం చేయడం నేరం. డెబ్బై ఏళ్లు దాటినా గోడల మీద సున్నం ఆరడం లేదు.

ఈ పొట్లాల్లో ఏముంటుందో చెప్పడానికి ఒక నిజమైన సంఘటన. 2008లో సింగపూరులో జనవరి నుంచి మే వరకు 150 మంది ఆసుపత్రుల్లో చేరారు. అందరికీ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. వింత ఏమిటంటే వీళ్లెవరికీ షుగరు జబ్బే లేదు. ఆరా తీస్తే, మగతనం పెంచుతాయని చాటుగా అమ్మిన మాత్రలు వేసుకున్నారు. ఆ మాత్రల్లో కలిసి ఉన్నది గ్లిబెన్‌క్లమైడ్, అంటే షుగరు మాత్ర. ఏడుగురు కోమాలోకి వెళ్లారు, వారిలో నలుగురు చనిపోయారు. ఏ షుగరు మాత్ర మగతనం పోగొడుతుందని మన రైతు బియ్యం బస్తా వెనక దాచాడో, దాదాపు అటువంటి మాత్రనే మగతనం పెంచే మందని డబ్బు పెట్టి కొనుక్కుని మింగారు వాళ్లు. ఇప్పటికే షుగరు మందు వాడుతున్న మనిషి అలాంటి పొట్లం మింగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? హైదరాబాదుకో చెన్నైకో గల్ఫుకో పనులకు వెళ్లి ఒంటరిగా ఉండే మనవాళ్లు ఈ వలలో తొందరగా పడతారు.

అసలైన మందు, దాని ప్రమాదం

అంగస్తంభనకు పనిచేసే మందులు ఉన్నాయి. సిల్డెనాఫిల్ అనేదాన్ని ఇంగ్లండులో గుండెనొప్పి మందుగా పరీక్షిస్తుంటే ఈ రెండో గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. షుగరు ఉన్న 268 మంది మగవారి మీద చేసిన పరీక్ష ఫలితాలు 1999లో వచ్చాయి. మందు వేసుకున్నవారిలో నూటికి 56 మందికి మెరుగు కనిపించింది. ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 10 మందికే. అంటే షుగరు ఉన్నవారికీ పనిచేస్తుంది, కానీ అందరికీ కాదు. మనసులో కోరిక లేకుండా మాత్ర దానంతట అది ఏమీ చేయదు. ఖాళీ కడుపున లేదా తేలికపాటి భోజనం చేసి, గంట ముందు వేసుకోవాలి. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చూపు కాస్త నీలంగా కనబడటం ఉండవచ్చు. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే సిగ్గుపడకుండా ఆసుపత్రికి రావాలి. ఇది పనిచేయనివారికి ఇతర పద్ధతులున్నాయి, డాక్టరు చెబుతారు.

ఇక ప్రమాదం. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేటు మందులతో ఇది కలిస్తే బీపీ హఠాత్తుగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటలలోపు, టడలాఫిల్ వేసుకున్న 48 గంటలలోపు నైట్రేటు పడకూడదు. అర్ధరాత్రి ఛాతీనొప్పి వస్తే ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు మంచి మనసుతోనే "ఇదిగో నాలుక కింద పెట్టుకో" అని ఇస్తారు. అందుకే అమ్మా, మీ భర్త ఇలాంటి మాత్ర వేసుకున్నట్టు మీకు తెలిస్తే, 108 సిబ్బందికీ డాక్టరుకూ ఆ మాట మీరే చెప్పాలి. మామగారు, మరిది వింటారని ఆగవద్దు. వాళ్లను పక్కకు పిలిచి చెవిలో చెప్పినా చాలు. ప్రోస్టేటు మాత్ర వాడేవారికి కూడా ఈ రెండూ కలిస్తే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి కొనడం వద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఆ భాగంలోని రక్తనాళం ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూడు నాలుగు మిల్లీమీటర్లు. పూడిక పట్టడం మొదలైతే సన్నని గొట్టం ముందు మూసుకుంటుంది. కాబట్టి అంగస్తంభన తగ్గిన మనిషికి రెండు మూడు ఏళ్లలో, అయిదేళ్లలో గుండెజబ్బు బయటపడటం తరచుగా జరుగుతుంది. డాక్టరు దగ్గరికి వస్తే బీపీ, కొలెస్టరాల్, ఈసీజీ చూస్తాం, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడుగుతాం. షాపులో కొనుక్కుంటే సమస్య తీరినట్టు ఉంటుంది, గుండె సంగతి ఎవరూ చూడరు.

ఇంట్లో ఎలా కదపాలి?

కొడుకు తండ్రిని అడగలేడు. అడగనక్కరలేదు కూడా. తండ్రి మాత్రల పేకెట్లు ఖాళీ అవుతున్నాయో లేదో చూడవచ్చు, ఆసుపత్రిలో "నాన్నా, మీరు డాక్టరు గారితో ఒంటరిగా మాట్లాడండి, నేను బయట ఉంటాను" అని లేచి వెళ్లిపోవచ్చు. ఆ ఒక్క పనితో ఎంతోమంది మగవాళ్ల నోరు తెరుచుకోవడం చూశాను.

భార్యలకు నా మనవి: "మీకు నా మీద ఇష్టం పోయింది" అని మొదలుపెట్టకండి. అది ఆయనకు ఇంకో ఓటమిలా వినిపిస్తుంది. "షుగరు వల్ల ఇలా అవుతుందట, చాలామందికి ఉంటుందట, పుస్తకంలో రాశారు" అని ఈ పేజీ చూపించండి. ఆయన చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి. మందు పనిచేసేవరకూ పక్కన కూర్చోవడం, చేయి పట్టుకోవడం ఏ మాత్రా అక్కరలేని పనులు. మరో మాట, షుగరు మీకే ఉంటే పొడిబారడం, మంట, కోరిక తగ్గడం మీకూ ఉంటాయి. దాన్ని గురించి మగవాళ్లకంటే తక్కువగా అడుగుతారు ఆడవాళ్లు. మా లేడీ డాక్టరుకు చెప్పండి, మందులున్నాయి.

నోటితో చెప్పలేకపోతే ఓపీ చీటీ వెనక "మగవారి ఇబ్బంది" అని రెండు ముక్కలు రాసి నర్సు చేతికి ఇవ్వండి. మేం అర్థం చేసుకుంటాం, బయటికి గట్టిగా చదవం.

మన రైతు కాలి పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. వేలు దక్కింది. చక్కెర దిగాక నీరసం పోయింది. బీపీకి అటెనొలాల్ వాడుతున్నారని అప్పుడు గానీ మాకు తెలియలేదు, వేరేచోట రాసినది. దాన్ని మెల్లగా తగ్గించి మరో మాత్ర ఇచ్చాం. ఈసీజీ చూశాక సిల్డెనాఫిల్ తక్కువ మోతాదులో రాశాం. అన్నీ పూర్వంలాగా అయిపోయాయని చెప్పను. అరుగు మీది మంచం లోపలికి వచ్చిందని ఆమె నర్సుతో చెప్పి నవ్వింది.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, బీపీవీ, గుండెవీ, ప్రోస్టేటువీ, ఆయుర్వేదం అని ఎవరో ఇచ్చిన పొట్లాలూ, ఒక సంచిలో వేసి తీసుకురండి. బియ్యం బస్తా వెనక ఏమైనా ఉంటే వాటిని కూడా.